ఛార్లెస్ డార్విన్ గృహజీవితము

తొలకరి వాన పడినంతనే మన పొలముగట్లమీదను, పెరటి పాదులలోను వానపాములు బయలుపడును. వీనిని ఎఱ్ఱలనియు అందురు. గాలము వేయు పిల్లలకు తప్ప వీనితో పని యున్నవారు అరుదు. కాని ఇంగ్లండు దేశమున ఒక వృద్ధుడు, లోకమంతట తన పేరు మ్రోగిన తరువాత, 70 ఏండ్ల ప్రాయమున, మట్టి నింపిన కుండలలో వానపాములను పెంచి, ఆ కుండలను తన చదువుగదిలోనే ఉంచుకొని, రాత్రివేళ దీపపు వెలుగున వాని చేష్టలను కనిపెట్టుచు కూర్చుండెడివాడు. వానికి ధ్వని వినబడునా యను సందేహము కలుగగా ఇంటివారు గూడ పరీక్షకు తోడ్పడిరి. కుండల చెంత పియానో మ్రోగించిరి. కుమారుడు ఫ్రాన్సిస్ బస్సూను అను పెద్ద ఊదువాద్యమును గట్టిగా ఊదెను. వానపాములు చలింపలేదు. పిమ్మట కుండను పియానో మీదనే పెట్టి ఒక్క మెట్టు నొక్కగా అవి చటుక్కున బొరియలలో దూరెను. గాలిలోని ధ్వని వానికి పట్టదనియు, నేల అదరినచో మాత్రము వెంటనే గుర్తించుననియు ఆ ఇంటివారికి తెలిసెను.

ఆ వృద్ధుడే ఛార్లెస్ డార్విన్. ప్రాణికోటిలోని జాతులు అనాదినుండి మార్పు లేక యున్నవి కావనియు, దీర్ఘకాలమున ఒకదానినుండి మఱియొకటి పరిణమించి వచ్చినవనియు సాక్ష్యములతో నిరూపించిన మహాశాస్త్రజ్ఞుడు. పొడవైన తెల్లని గడ్డముతో నున్న ఆయన చిత్రపటమును మీరు విజ్ఞానశాస్త్ర పాఠములలో చూచియుందురు. ఆ సిద్ధాంతమును గూర్చి అక్కడ చదువుకొందురు గాక. ఆయన గృహస్థుగా ఎట్లు బ్రదికెను, గృహస్థుగా నుండియే ఎట్లు చదువుకొనెను అనునది ఇక్కడి కథ.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుపొందిన వైద్యుడు. తల్లి సుసానా, పింగాణి పాత్రల తయారీలో ప్రసిద్ధి గాంచిన వెడ్జ్‌వుడ్ వంశమునకు ఆడపడుచు. ఛార్లెస్ ఎనిమిదేండ్ల బాలుడై యుండగా ఆమె మరణించెను. తల్లిలేని బాలుని అక్కలు పెంచిరి.

పాఠశాలలో అతనికి మంచిపేరు రాలేదు. ఆ కాలపు ఇంగ్లీషు పాఠశాలలలో గ్రీకు, లాటిన్ పద్యములను వల్లించుటయే చదువు. అన్నతో కలిసి తోటలోని కొట్టమున రసాయన ప్రయోగములు చేయుచుండగా, పనికిమాలిన పనులతో కాలము వ్యర్థము చేయుచున్నాడని ప్రధానోపాధ్యాయుడు అందఱియెదుట మందలించెను. వేటకుక్కలు, ఎలుకలు తప్ప మఱి దేనియందును శ్రద్ధ లేదనియు, వంశమునకు తలవంపులు తెచ్చుననియు తండ్రియు కోపించెను. మార్కులపట్టికలో కనబడని శ్రద్ధను కనుగొనుట మా ఉపాధ్యాయులకు ఎల్లకాలమును కష్టమైన పనియే.

1825లో తండ్రి అతనిని వైద్యము చదువుటకు ఎడింబరో పంపెను. మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాని రోజులవి. స్పృహలో నున్న పసిపిల్లవానికి శస్త్రచికిత్స చేయుటను చూడలేక ఛార్లెస్ గదినుండి పరుగెత్తిపోయెను. మఱల అట్టి గదిలో అడుగు పెట్టలేదు. అయినను ఎడింబరోలో అతడు నేర్చిన విద్య ఒకటి కలదు. జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతివాడు, దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా నుండి విముక్తి పొందినవాడు, ఆ యూర పక్షుల చర్మములను కుళ్లకుండ నింపి భద్రపఱచు పని చేయుచుండెను. ఛార్లెస్ రుసుము చెల్లించి ఆయన చెంత శిష్యుడై ఆ విద్యను నేర్చుకొనెను. తరువాతి సముద్రయానమున అది అతనికి ఎంతయో ఉపకరించెను.

వైద్యము అబ్బకపోవుటచే తండ్రి అతనిని మతాచార్యునిగా చేయదలచి కేంబ్రిడ్జికి పంపెను. అక్కడ అతనికి పేడపురుగులు, పెంకుపురుగులు సేకరించు పిచ్చి పట్టెను. ఒకనాడు చెట్టుబెరడు ఒలిచి, రెండు చేతులలో రెండు వింతపురుగులను పట్టుకొనెను. ఇంతలో మూడవది కనబడెను. దానిని విడువలేక చేతిలోని దానిని నోట వేసికొనెను. ఆ పురుగు నాలుకను మండించు ద్రవమును విడిచెను. ఉమిసివేయక తప్పలేదు. మూడవదియు జాఱిపోయెను.

1831లో బీగిల్ అను నౌకపై భూగోళమును చుట్టివచ్చుటకు పిలుపు వచ్చినప్పుడు తండ్రి ఒప్పుకొనలేదు. బుద్ధిమంతుడెవడైనను పొమ్మని చెప్పినచో అంగీకరింతునని మాత్రము అనెను. ఛార్లెస్ మేనమామ జొసయ్య వెడ్జ్‌వుడ్ ఆ బుద్ధిమంతుడాయెను. తండ్రి అభ్యంతరములకు ఒక్కొక్క దానికిని సమాధానము వ్రాసి ఆయనను ఒప్పించెను. నౌక 1831 డిసెంబరు 27వ తేదీన బయలుదేరి 1836 అక్టోబరు 2వ తేదీన తిరిగివచ్చెను. ఆ ఐదేండ్లలో డార్విన్ చూచిన అడవులు, కొండలు, గాలపగస్ దీవుల పక్షులు, తాబేళ్లు ఆయన జీవితమునకు దారి చూపెను. ఆ యాత్రాకథ వేఱొక గ్రంథమునకు తగినంత కలదు.

తిరిగివచ్చిన పిమ్మట ఆయనకు పట్టుకొన్న చింత వివాహమును గూర్చినది. 1838లో ఆయన ఒక కాగితముపై రెండు వరుసలు గీచి, పెండ్లి చేసికొన్నచో కలుగు లాభనష్టములను వ్రాసికొనెను. సాయంకాలములు చదువుకొను తీరిక పోవును. పుస్తకములు కొనుటకు ధనము మిగులదు. బంధువుల రాకపోకలు తప్పవు. ఇవి నష్టములు. వార్ధక్యమున తోడు, బిడ్డల సందడి, ఇంటిని చూచుకొను ప్రియమైన మనిషి. ఇవి లాభములు. చదువునకును సంసారమునకును పొత్తు కుదరదేమో యను భయమే ఆ కాగితమంతటను కనబడుచున్నది. తుదకు లాభమువైపే తక్కెడ వ్రాలెను.

1839 జనవరి 29వ తేదీన ఆయన ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను వివాహమాడెను. ఆమె సముద్రయానమునకు అనుమతి ఇప్పించిన ఆ మేనమామ కుమార్తెయే. మన భాషలో చెప్పవలెనన్న ఇది అచ్చమైన మేనరికము. ఎమ్మా ఆయనకన్న కొన్ని నెలలు పెద్దది. పియానో వాయించుటలో నేర్పరి, దైవభక్తి గలది.

ఆ భక్తివిషయమున వారిరువురికి మొదటినుండియు ఒక అంతరము కలదు. మతవిషయములలో తనకు సందేహములు కలవని డార్విన్ పెండ్లికి ముందే ఆమెకు చెప్పెను. భార్యకు ఇట్టివి చెప్పవలదని తండ్రి హెచ్చరించియుండెను. అయినను దాచుట ఆయనకు మనస్కరింపలేదు. వివాహమైన కొలదికాలమునకు ఎమ్మా భర్తకు ఒక ఉత్తరము వ్రాసెను. ప్రతిదానికిని నిదర్శనము కోరు శాస్త్రపు అలవాటు, నిదర్శనమునకు అందని సంగతులలో ఆయనను తప్పుదారి పట్టించునేమో యని ఆమె భయము. మరణానంతరము తాము ఇరువురమును కలిసి యుండమేమో యను తలంపును ఆమె భరింపలేకపోయెను. డార్విన్ ఆ ఉత్తరమును చించలేదు, దానిపై వాదింపలేదు. జీవితాంతము దాచుకొనెను. దానిని అనేక పర్యాయములు ముద్దాడి కన్నీరు విడిచితినని, తన మరణానంతరము ఆమె తెలిసికొనుటకై, అడుగున వ్రాసి ఉంచెను.

1839 డిసెంబరులో తొలిచూలు బిడ్డ విలియం జన్మించెను. మఱియొక తండ్రియైనచో మురిసిపోయి ఊరకుండెడివాడు. డార్విన్ మురియుచునే పుస్తకము తెఱచి వ్రాసికొన మొదలిడెను. బిడ్డ ఎప్పుడు తుమ్మెను, ఎప్పుడు వెలుగువైపు చూచెను, కోపము ఎట్లు కనబఱచెను, అద్దములోని తన రూపమును చూచి ఏమి చేసెను అనునవన్నియు తేదీలతో నమోదు చేసెను. ఆ నమోదులు 37 ఏండ్ల పిమ్మట, 1877లో, ఒక శాస్త్రపత్రికలో వ్యాసముగా వెలువడెను.

1842లో ఆ కుటుంబము లండను విడిచి, దానికి 16 మైళ్ల దూరమున కెంట్ మండలమందున్న డౌన్ అను పల్లెకు చేరెను. అచట కొన్న డౌన్ హౌస్ అను ఇంటిలోనే డార్విన్ తక్కిన 40 ఏండ్లును గడపెను. ఆయనకు విశ్వవిద్యాలయమున ఉద్యోగము లేదు, ప్రయోగశాల లేదు. తండ్రి ఇచ్చిన ఆస్తి జీవనమునకు చాలియుండెను. ఇల్లే ఆయన ప్రయోగశాల.

ఆ దంపతులకు మొత్తము 10 మంది బిడ్డలు కలిగిరి. మేడమెట్లపై జాఱుటకు నున్నని చెక్కబల్ల ఒకటి ప్రత్యేకముగా చేయించి పెట్టిరి. తండ్రి పనిచేయుచున్న గదిలోనికి బిడ్డలు కత్తెర కనియు, జిగురుకాగితమున కనియు, కొలబద్ద కనియు వచ్చుచునే యుండిరి. ఆయన విసుగుకొనుట ఎఱుగడు. నాలుగేండ్ల బాలుడొకడు పని మాని తనతో ఆడుకొన రమ్మని తండ్రికి ఆఱు పెన్నీల నాణెమును లంచముగా ఇవ్వజూపెనట.

1846 నుండి 1854 వఱకు ఎనిమిదేండ్లపాటు డార్విన్ ఓడల అడుగునను, తీరపు రాళ్లను అంటిపెట్టుకొని యుండు బార్నకిల్ అను చిన్న గుల్లప్రాణులను కోసి పరీక్షించుచుండెను. ఇతర దేశములవారు పెట్టెలకొలది పంపుచుండిరి. బిడ్డలు పుట్టిననాటినుండి ఇదియే చూచుచుండుటచే తండ్రులందఱకును ఇదియే వృత్తి యని తలంచిరి. ఒకమాఱు పొరుగింటికి పోయిన ఒక బిడ్డ, ఆ ఇంటి యజమానుడు తన బార్నకిల్ పని ఏ గదిలో చేసికొనునని అడిగెనట.

తోటలో మగతుమ్మెదలు ప్రతిదినము ఒకే దారిన ఎగురుచు, ఒక్కొక్క చోట ఒక్కొక్క క్షణము ఆగి ఝంకరించుట వారి కంటబడెను. ఆ దారి తెలిసికొనుటకు డార్విన్ బిడ్డలను ఒక్కొక్క స్థలమున నిలిపెను. తుమ్మెద రాగానే అక్కడి బిడ్డ కేక వేయవలెను. కేక వెంబడి కేక సాగుచుండగా తండ్రి దారి గుర్తించుకొనును. వారికి అది ఆట, ఆయనకు పరిశోధన.

ఈ సుఖముల నడుమ పెద్ద కష్టము ఆయన ఆరోగ్యము. 30 ఏండ్లు దాటినప్పటినుండి వాంతులు, తలత్రిప్పట, గుండెదడ ఆయనను విడువలేదు. రోగమేమో ఆనాటి వైద్యులు తేల్చలేకపోయిరి. నేటికిని పండితులకు ఏకాభిప్రాయము లేదు. దినమునకు మూడు నాలుగు గంటలకు మించి పనిచేయుటకు శక్తి చాలకుండెను. ఎమ్మా ఆయనకు దాదియై, లేఖకురాలై, పఠితయై నిలిచెను. మధ్యాహ్నము ఆయన పండుకొనియుండగా నవలలు చదివి వినిపించును. సుఖాంతము కాని నవలలను చట్టముచే నిషేధింపవలెనని ఆయన పరిహాసమాడెడివాడు. ప్రతిరాత్రియు దంపతులు బ్యాక్‌గామన్ అను పాచికలాట రెండు పందెములు ఆడుదురు. గెలుపోటములను గూడ డార్విన్ లెక్క వ్రాయకుండ ఉండలేదు. 1876 నాటికి తాను 2,795 ఆటలును, ఎమ్మా 2,490 ఆటలును గెలిచినట్లు అమెరికాలోని ఒక మిత్రునికి సగర్వముగా తెలియజేసెను.

రెండవ బిడ్డ ఆనీ తండ్రికి ప్రాణము. ఆయన తోటలో నడచుచుండగా ముందు గంతులు వేయుచు పోవును; అరగంటసేపు ఆయన తల దువ్వుచు కూర్చుండును. 1851లో, పదియేండ్ల వయస్సున, ఆమెకు జబ్బు చేసెను. తనకు కొంత మేలు కలిగించిన మాల్వర్న్ జలచికిత్సాలయమునకు డార్విన్ ఆమెను తీసికొనిపోయెను. ఎమ్మా నిండు గర్భిణి, వెంట పోలేకపోయెను. జబ్బు ముదిరినదని విని డార్విన్ బిడ్డ మంచము చేరెను. ఒక పూట ఆశ, ఒక పూట నిరాశ. ప్రతిదినము భార్యకు ఉత్తరము వ్రాయుచుండెను. ఉత్తరము చేరునప్పటికి అందులోని ఆశ నిజముగా మిగిలియున్నదో లేదో ఎమ్మాకు తెలియదు. ఏప్రిల్ 23వ తేదీన ఆనీ కన్ను మూసెను. అంత్యక్రియలను బంధువులకు అప్పగించి డార్విన్ వెంటనే ఇంటికి, నెలలు నిండిన భార్యకడకు వచ్చెను. మూడు వారములకు హోరేస్ అను కుమారుడు జన్మించెను.

ఆనీ మరణించిన వారమునకు డార్విన్ కలము పట్టి ఆమె రూపమును, నవ్వును, నడకను, మాటతీరును కొన్ని పుటలలో వ్రాసెను. మఱచిపోవుదునేమో యని ఆయన భయము. ఎమ్మా ఆమె వ్రాతపెట్టెను, అందులోని కలములను, కుట్టుపని తునకలను భద్రపఱచెను. ఆ పెట్టె నేటికిని ఉన్నది. దంపతులు ఆనీని గూర్చి తమలో తాము మాటలాడుకొనుట అరుదు. తలంచుకొన్నప్పుడెల్ల తండ్రి కన్నులు చెమ్మగిల్లెడివి.

ఇక్కడనే డార్విన్ చదువు ఆయన హృదయమును కలచివేసెను. పది మంది బిడ్డలలో ముగ్గురు బాల్యముననే పోయిరి. మిగిలినవారిలో పలువురు తఱచు జబ్బుపడుచుండిరి. తన రోగము వారికి సంక్రమించెనేమో, మేనమామ కూతురిని చేసికొనుట వలన వారి దేహములు బలహీనములయ్యెనేమో యను సందేహము ఆయనను పీడించెను. ఆ సందేహమును ఆయన తప్పించుకొని తిరుగలేదు. 11 ఏండ్లు మొక్కలపై ప్రయోగములు చేసెను. తన పుప్పొడితో తానే ఫలించిన మొక్క విత్తనములను ఒక ప్రక్కను, వేఱు మొక్క పుప్పొడితో ఫలించిన విత్తనములను ఒక ప్రక్కను నాటి, వాని ఎత్తును, కాపును కొలిచెను. రెండవ రకపు మొక్కలే ఎక్కువగా బలముగా పెరిగెను. ఫలితము ఆయనకు చేదైనను 1876లో అచ్చువేయించెను.

అంతకుముందే, 1870లో, రానున్న జనాభాలెక్కలలో దగ్గఱి బంధువుల వివాహములను గూర్చి ఒక ప్రశ్న చేర్పవలెనని పార్లమెంటు సభ్యుడైన పొరుగువాని ద్వారా ప్రయత్నించెను. పార్లమెంటు నిరాకరించెను. అప్పుడు ఆయన కుమారుడు జార్జి, గణితశాస్త్రమున ఆరితేరినవాడు, ఆ పనిని పైన వేసికొనెను. అనగా ఆ మేనరికమున పుట్టిన బిడ్డయే మేనరికముల మంచిచెడ్డలను లెక్కవేయ కూర్చుండెను! కీడు కొంత ఉండవచ్చుననియు, సుఖముగా జీవించు కుటుంబములలో అది స్వల్పమనియు 1875లో అతడు ప్రకటించెను. మేనరికములు మన తెలుగునాట తరతరములుగా వచ్చుచున్నవి. కొన్ని వంశవ్యాధులు అట్టి సంతానమునకు వచ్చు అవకాశము కొంత హెచ్చని నేటి వైద్యులు చెప్పుచున్నారు. 150 ఏండ్ల క్రిందట ఆ ప్రశ్నను తన ఇంటిబిడ్డల ముఖములు చూచుచు అడిగిన తండ్రి ధైర్యము సామాన్యమైనది కాదు.

జాతుల పరిణామమును గూర్చిన ఆలోచన 1838లోనే ఆయనకు స్ఫురించెను. 1844లో దానిని దీర్ఘవ్యాసముగా వ్రాసి, తాను హఠాత్తుగా మరణించినచో దానిని ప్రకటింపుమని, అందుకై 400 పౌన్లు వెచ్చింపుమని ఒక ఉత్తరము జతపఱచి, ఆ రెంటిని ఎమ్మాకు అప్పగించెను. ఆ సిద్ధాంతము ఆమె విశ్వాసమునకు బాధ కలిగించునదియే. అయినను ఆయన నమ్మి అప్పగించినది ఆమెకే. ఆమెయు వ్రాతప్రతి చదివి, అర్థము స్పష్టము కాని చోట్ల గుర్తులు పెట్టి ఇచ్చెను.

సాక్ష్యములు ఇంకను కావలెనని ఆయన ఏండ్లకు ఏండ్లు జాగు చేసెను. నేర్చుకొనుటలో ఆయనకు పెద్దచిన్న తారతమ్యము లేదు. 1855 నుండి పావురములు పెంచెను; లండనులోని పావురములవారి సంఘములలో చేరి, సామాన్యుల నడుమ కూర్చుండి వారు చెప్పినది వినెను. తోటమాలులను, పశువులు పెంచువారిని, దూరదేశముల అధికారులను ఉత్తరములతో వేధించెను. ఆయన వ్రాసినవియు, ఆయనకు వచ్చినవియు కలిసి సుమారు 15,000 ఉత్తరములు నేడు లభించుచున్నవి. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును చూచుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్ భారతదేశపు పెంపుడు జంతువులను గూర్చి దీర్ఘలేఖలు వ్రాసెను. ఉత్తర సర్కారులలో ఉన్నతాధికారిగా నుండి 1845లో అమరావతి స్తూపపు శిల్పములను త్రవ్వించిన వాల్టర్ ఎలియట్ దొర, మన దేశపు పావురముల చర్మములను డౌన్ గ్రామమునకు పంపెను. డార్విన్ తన మహాగ్రంథమున ఆయనకు కృతజ్ఞత తెలిపియున్నాడు.

1858 జూన్ నెలలో పిడుగువంటి వార్త వచ్చెను. మలయా దీవులలో నున్న ఆల్‌ఫ్రెడ్ వాలెస్ అను యువకుడు తానును అదే సిద్ధాంతమును కనుగొని, వ్యాసము వ్రాసి డార్విన్‌కే పంపెను. 20 ఏండ్ల శ్రమకు వచ్చు కీర్తి చేజాఱునట్లుండెను. ఆ వారములలోనే కుమార్తె హెన్రియెటా గొంతువ్యాధితో పడియుండెను. ఏడాదిన్నర వయస్సు గల కడగొట్టు బిడ్డ ఛార్లెస్ వారింగ్‌కు స్కార్లెట్ జ్వరము తగిలి జూన్ 28వ తేదీన మరణించెను. మిత్రులు లయెల్, హుకర్ పండితులు ఇరువురి వ్యాసములను జూలై 1వ తేదీన లండనులోని లిన్నియన్ సొసైటీలో కలిపి చదివించిరి. లోకచరిత్రను మార్చిన ఆ సభకు డార్విన్ పోలేదు. ఆనాడు ఆయన తన బిడ్డను పూడ్చిపెట్టుచుండెను.

మఱుసటి ఏట, 1859 నవంబరు 24వ తేదీన, జాతుల ఉత్పత్తిని గూర్చిన ఆయన గ్రంథము వెలువడెను. మొదట అచ్చువేసినవి 1,250 ప్రతులు. దానిని గూర్చి దేశమున చెలరేగిన వాదములు అందఱు ఎఱిగినవే. ఆ గ్రంథపు వ్రాతప్రతిలో నేడు మిగిలిన పుటలు బహు కొలది. వానిలో కొన్ని మిగులుటకు కారణము వింతయైనది. వ్రాసి పాఱవేసిన కాగితముల వెనుక బిడ్డలు రంగులతో బొమ్మలు వేసికొనిరి. బిడ్డల బొమ్మలని తల్లి దాచిపెట్టినందున వానితోపాటు తండ్రి వ్రాతయు దక్కెను.

ప్రసిద్ధి వచ్చిన పిమ్మట ఆయన చదువు మానలేదు. జర్మను భాష ఆయనకు లొంగని గుఱ్ఱము. దినమునకు కొన్ని వాక్యములు మాత్రము, నిఘంటువు సాయమున, జీవితమంతయు చదువుచునే యుండెను. పుస్తకము లావుగా నుండి చేతికి బరువైనచో నడిమికి రెండుగా చింపుకొనెడివాడు. (ఈ యొక్క విషయమున విద్యార్థులు ఆయనను అనుకరింపకుందురు గాక.) బాల్యమున ఇష్టమైన కవిత్వము, సంగీతము వార్ధక్యమున తనకు రుచింపకపోయెనని మాత్రము చింతించి, మఱల జీవింపవలసివచ్చినచో వారమునకొకసారియైనను కవిత్వము చదువుకొందునని తన పిల్లలకు వ్రాసిపెట్టిన స్వీయచరిత్రలో తెలిపెను.

1876లో కుమారుడు ఫ్రాన్సిస్ భార్య ప్రసవమైన కొలది దినములకే మరణించెను. ఫ్రాన్సిస్ పసికందుతో తండ్రి ఇంటికి చేరెను. ఆ పసివాడు బెర్నార్డ్ తాతగారి ఇంట పెరిగెను. మఱల ఆ ఇంట చిన్న అడుగుల చప్పుడు వినబడెను. దుఃఖమున మునిగిన కొడుకునకు డార్విన్ పని కల్పించెను. తండ్రికొడుకులు కలిసి మొక్కలలోని చలనములను పరిశోధించిరి. 1880లో వెలువడిన ఆ గ్రంథముపై ఇరువురి పేర్లును కలవు.

చివరి పని వానపాములు. అది 1837లో మొదలైనదే. మేనమామ జొసయ్య తన పొలమున ఏండ్ల క్రిందట చల్లిన బొగ్గుమసి, సున్నము ఇప్పుడు నేల లోపలికి పోయినవని చూపి, ఇది వానపాముల పని కావచ్చునని అల్లునికి చెప్పెను. డార్విన్ ఆ మాటను 44 ఏండ్లు మనస్సున పెట్టుకొనెను. 1842లో ఇంటి చెంతనున్న పొలమున సుద్దముక్కలు చల్లించెను. 29 ఏండ్లు ఓపిక పట్టి 1871లో కందకము త్రవ్వించి చూడగా తెల్లని సుద్దచార 7 అంగుళముల లోతున కనబడెను. వానపాములు మట్టిని మ్రింగి పైకి విసర్జించుచుండుటచే పైన క్రొత్తమన్ను పేరుకొని, రాళ్లు క్రిందికి దిగుచుండెనన్నమాట. 68వ ఏట కుటుంబముతో స్టోన్‌హెంజ్ అను ప్రాచీనశిలల కడకు పోయి, పడిపోయిన బండలు ఎంత దిగినవో కొలిపించెను. ఆకు లేక కాగితపు ముక్కను బొరియలోనికి లాగునప్పుడు వానపాము ఏ కొనను పట్టుకొనును? త్రికోణముగా కత్తిరించిన కాగితములను వెదచల్లి లెక్కించెను. నూటికి 62 మాఱులు మొనవైపే పట్టుకొనుచున్నవి. కన్నులు, చెవులు లేని ఈ ప్రాణికిని కొంత వివేచన కలదని ఆయన సంతోషించెను. 1881లో వచ్చిన ఆ పుస్తకమును సామాన్యజనులు గూడ విరివిగా కొని చదివిరి.

1882 ఏప్రిల్ 19వ తేదీన డౌన్ హౌస్‌లో, ఎమ్మా చెంతనుండగా, డార్విన్ మరణించెను. ఆ గ్రామపు శ్మశానవాటికలో, చిన్ననాడే పోయిన మేరీ, ఛార్లెస్ వారింగ్ అను బిడ్డల చెంత ఆయనను ఉంచవలెనని కుటుంబము కోరెను. కాని పండితులును, పార్లమెంటు సభ్యులును పట్టుబట్టిరి. ఏప్రిల్ 26వ తేదీన లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, న్యూటన్ సమాధికి సమీపమున, రాజలాంఛనములవంటి మర్యాదలతో ఆయనను సమాధి చేసిరి. బిడ్డలు వెళ్లిరి. ఎమ్మా వెళ్లలేదు, ఇంటనే ఉండిపోయెను. మఱి 14 ఏండ్లు జీవించి, 1896లో మరణించి, డౌన్ గ్రామమున ఆ బిడ్డలున్న చోటనే మట్టిలో కలిసెను.